నింద మోసిన కార్బురేటర్

హుగ్లీ నదికి పడమటి గట్టున, కలకత్తాకు కూతవేటు దూరంలో, ఉత్తరపారా అనే ఊరున్నది. 1942లో స్థాపితమైన హిందుస్థాన్ మోటార్స్ సంస్థ కర్మాగారం స్వాతంత్ర్యానంతరం అక్కడ వెలసింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మాతృకగా తీసుకొని, 1950 దశకం చివరి నుంచి 2014 మే నెల వరకు ఆ కర్మాగారం అంబాసిడర్ కార్లను తయారుచేసింది. మంత్రులు, వైద్యులు, పెళ్ళికొడుకులు, టాక్సీ ప్రయాణికులు అందరూ ఎక్కిన కారు అది. తయారీ ఆగి పదేళ్ళు దాటినా, 2001లో కోల్‌కతాగా పేరు మార్చుకున్న ఆ మహానగరంలో ఇంకా కొన్ని పసుపుపచ్చ అంబాసిడర్లు తిరుగుతున్నాయి. పదిహేనేళ్ళు నిండిన వాణిజ్య వాహనాలు నగరంలో తిరగరాదని 2008లో కలకత్తా హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. కనుక ఆ టాక్సీలు కూడా ఒక్కొక్కటే సెలవు పుచ్చుకుంటున్నాయి. ఇక ముందు మిగిలేవి, సొంతదారులు మమకారం కొద్దీ పోషించుకుంటున్న పాత బండ్లు మాత్రమే.

అటువంటి సొంతదారులు నలుగురు ఒకచోట చేరితే తప్పక వినిపించే మాట ఒకటున్నది. అది కార్బురేటర్. బండి ఉదయం పూట మొరాయిస్తే కార్బురేటర్. ఎండలో ఆగిపోతే కార్బురేటర్. నల్లని పొగ వదిలినా, వంతెన ఎక్కేటప్పుడు ఆయాసపడినా, పెట్రోలు ఎక్కువ తాగినా అదే నేరస్థురాలు. ఇంట్లో పాలు విరిగినా కొత్త కోడలిదే తప్పన్నట్లు, బండిలో ఏ దోషం పుట్టినా నింద ముందుగా దాని మీదనే పడుతుంది. ఇందుకు కారణం లేకపోలేదు. అది చేతికి అందే చోట ఉంటుంది. విప్పడానికి వీలుగా ఉంటుంది. తిప్పడానికి ఒక మర కూడా ఉంటుంది. ఎదుట మర కనిపించినప్పుడు తిప్పకుండా ఊరుకోగల మనిషి అరుదు.

నిజానికి ఆ పరికరం చేసే పని కష్టమైనదే గాని, దాని స్వభావం మాత్రం సాదాసీదాది. పెట్రోలు ద్రవరూపంలో ఉండగా ఇంజిన్‌కు పనికిరాదు. దానిని సన్నని తుంపరగా చేసి గాలిలో కలపాలి. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు దాదాపు 14.7 పాళ్ళ గాలి చేరితే ఆ మిశ్రమం పూర్తిగా మండుతుంది. గాలి తగ్గితే మసి, పొగ. ఎక్కువైతే వేడి, తొట్రుపాటు. బండి నిలిచి ఉన్నప్పుడూ, పరుగెత్తేటప్పుడూ ఈ పాళ్ళను సరిచూస్తూ ఉండడమే కార్బురేటర్ ధర్మం.

మోరిస్ కారు నుంచి అంబాసిడర్‌కు సంక్రమించినది ఎస్.యు. తరహా కార్బురేటర్. ఈ రెండక్షరాల వెనుక ఒక ముచ్చటైన చరిత్ర ఉన్నది. ఇరవయ్యవ శతాబ్ది తొలి సంవత్సరాలలో దీనిని రూపొందించిన జార్జి హెర్బర్ట్ స్కిన్నర్, లండనులో పాదరక్షల వ్యాపారం చేసే కుటుంబానికి చెందినవాడు. తొలినాటి నమూనాలో గాలి పీల్పుకు తగినట్లు లేచిపడే భాగం తోలు తిత్తి! చెప్పుల వ్యాపారి ఇంట పుట్టిన యంత్రానికి తోలు అంగం అమరడంలో వింత లేదు. 1910లో అన్నదమ్ములు కలిసి నెలకొల్పిన స్కిన్నర్స్ యూనియన్ సంస్థ పేరులోని తొలి అక్షరాలే ఎస్.యు. తరువాతి కాలంలో తోలు తిత్తి స్థానాన్ని లోహపు పిస్టన్ ఆక్రమించింది.

ఆ పిస్టన్ అడుగున ఒక మొనతేలిన సూది వేలాడుతూ ఉంటుంది. సూది మొన జెట్ అనే సన్నని రంధ్రంలోకి దిగి ఉంటుంది. ఇంజిన్ గాలిని ఎక్కువగా పీల్చినకొద్దీ పిస్టన్ పైకి లేస్తుంది. దానితోపాటు సూది లేచి, రంధ్రంలో సందు పెరిగి, పెట్రోలు అధికంగా వస్తుంది. పీల్పు తగ్గితే పిస్టన్ దిగుతుంది, సందు మూసుకుంటుంది. ప్రక్కనే ఉన్న చిన్న గిన్నెలో ఫ్లోటు అనే బుడగ తేలుతూ, పెట్రోలు మట్టాన్ని కాపాడుతుంది. ఇంటి మీది నీళ్ళ ట్యాంకులో బంతి తేలి నీటిని ఆపే పద్ధతే ఇక్కడా. కార్బురేటర్ అంటే సారాంశంలో ఇంతే. తన గిన్నెలోకి పెట్రోలు వస్తే అది ఇంజిన్‌కు అందిస్తుంది, రాకపోతే అందించలేదు.

ఆ గిన్నెలోకి పెట్రోలు వచ్చే దారి మాత్రం పొడవైనది. కారు వెనుక భాగాన ట్యాంకు, దాని మూత, అడుగున జల్లెడ, బండి కింద పొడవునా సాగిన గొట్టం, అక్కడక్కడ రబ్బరు అతుకులు, రబ్బరు పొర కదలికతో పనిచేసే పంపు, ఫిల్టరు, ఆ తరువాతే ఫ్లోటు గిన్నె. ఈ దారిలో ఎక్కడ అడ్డు తగిలినా, ఇంజిన్ ఆకలితో ఆగేది కార్బురేటర్ దగ్గరే. పైగా ప్లగ్గులకు నిప్పురవ్వ అందించే కాయిలు, కండెన్సరు వేడెక్కి నీరసించినా బండి అచ్చం పెట్రోలు అందనట్లే ఆగుతుంది. కార్బురేటర్ దోషాలలో అధికభాగం కరెంటు దోషాలేనని పాత మెకానిక్కులు నవ్వుతూ అనే మాటలో హాస్యం కంటే అనుభవమే ఎక్కువ.

ఈ నిజం ఒక కుటుంబానికి ఎలా అనుభవానికి వచ్చిందో తెలుసుకోవడం పాఠకులకు ఉపయోగంగా ఉంటుంది.

కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం ఉన్నది. ఆ రైల్వేను నమ్ముకొని కోస్తా జిల్లాల నుంచి వెళ్ళి, ఖరగ్‌పూర్‌లోనూ కలకత్తాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అటువంటి ఇంటిలో ఒక విశ్రాంత ఉద్యోగి వద్ద 1972 నాటి అంబాసిడర్ మార్క్ 2 ఉన్నది. కారు కోసం చీటీ రాయించుకొని ఏళ్ళ తరబడి వేచి ఉండే రోజులలో ఆయన తండ్రి కొన్న బండి అది. తండ్రి పోయిన తరువాత కూడా ముందు సీటు కవరు మార్చడానికి ఆయనకు మనస్కరించలేదు. ఇటువంటి బండ్లకు ప్రభుత్వ గుర్తింపు కూడా లభించే అవకాశం వచ్చింది. కేంద్ర రవాణా శాఖ 2021లో చేసిన నిబంధనల ప్రకారం, తొలి రిజిస్ట్రేషను జరిగి యాభై ఏళ్ళు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న వాహనాలను వింటేజి వాహనాలుగా నమోదు చేయించుకోవచ్చును.

ఆ అవకాశం దగ్గర పడుతున్న రోజులలోనే బండికి జబ్బు పట్టుకున్నది. ఇంటి నుంచి బయలుదేరినప్పుడు చక్కగా నడుస్తుంది. కొంత దూరం పోయాక రెండు మూడు సార్లు తుమ్మినట్లు చేసి ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు ఓపిక పడితే ఏమీ ఎరగనట్లు మళ్ళీ కదులుతుంది. అది ఏప్రిల్ నెల. కలకత్తాలో ఎండ నలభై డిగ్రీలకు చేరువగా ఉండే కాలం. చూసిన మెకానిక్కు పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోతున్నదని తేల్చాడు. అది అసంభవమైన మాట కాదు. ఇంజిన్ వేడికి గొట్టంలో ఆవిరి బుడగలు చేరితే పంపు ద్రవాన్ని లాగలేదు. పంపు మీద తడిగుడ్డ వేసి చల్లబరచమని ఆయన సలహా ఇచ్చాడు. బండి ఆగినప్పుడల్లా పెద్దాయన సీసాలోని నీళ్ళు గుడ్డ మీద పోసి, చెట్టు నీడన నిలబడేవాడు. ఇరవై నిమిషాలకు బండి కదిలేది. రోగనిర్ణయం సరైనదేనని అందరికీ నమ్మకం కుదిరింది.

కాని వర్షాలు వచ్చాయి, చలికాలం కూడా వచ్చింది. జనవరి ఉదయాన చలిమంటలు కాచుకునే వేళ కూడా బండి అలాగే ఆగింది. అప్పుడు అనుమానం కార్బురేటర్ మీదికి మళ్ళింది. దానిని మూడుసార్లు విప్పి కడిగారు. జెట్ మార్చారు, సూది మార్చారు, పంపులో రబ్బరు పొర కూడా మార్చారు. మిశ్రమాన్ని సరిచేసే మరను ఒకరు కుడికి తిప్పితే మరొకరు ఎడమకు తిప్పారు. దాంతో పాత జబ్బు పోకపోగా కొత్తది ఒకటి చేరింది. పెట్రోలు పాలు మితిమీరి, ప్లగ్గులు నల్లబడి, ఇంజిన్ దగ్గసాగింది. పెట్రోలు నిండుగా పోయించిన రోజున బండి మరింత త్వరగా ఆగుతున్నదని గమనించి, బంకువారు కల్తీ చేస్తున్నారని ఇంట్లో నిర్ణయించుకున్నారు. బంకు మార్చారు. ఫలితం మారలేదు.

ఒకనాటి సాయంత్రం దంపతులిద్దరూ ఖరగ్‌పూర్‌లోని బంధువుల ఇంటికి బయలుదేరారు. ఖిదిర్‌పూర్‌లో ట్యాంకు నింపించారు. విద్యాసాగర్ సేతువు నడుమ బండి ఆగిపోయింది. 1992లో ప్రారంభమైన ఆ వంతెన మీద వాహనాలు వేగంగా పోతుంటాయి. వెనుక నుంచి వస్తున్న లారీ ఒకటి బ్రేకులు కీచుమనేలా ఆగి, గజం దూరంలో నిలిచింది. ఇంటికి చేరాక ఆయన భార్య ఒకే మాట అన్నది, "మామయ్యగారి మీద గౌరవం నాకూ ఉన్నదండీ. కాని ఈ బండి మళ్ళీ ఎక్కను." ఆయన ఎదురు చెప్పలేదు. చెప్పడానికి ఆయన వద్ద ఏముంది?

కలకత్తాలో పాత బండ్ల విడిభాగాలకు మల్లిక్ బజార్ ప్రసిద్ధి. కాలం చెల్లిన కార్లు అక్కడ ముక్కలుగా విడిపోయి, ఇంకెన్నో కార్లకు ప్రాణం పోస్తాయి. తన బండిని తునకలుగా అమ్మితే ఎంత వస్తుందో కనుక్కోవడానికే పెద్దాయన అక్కడికి వెళ్ళాడు. బేరం చూడవచ్చిన వారిలో ఒక వృద్ధ మిస్త్రీ ఉన్నాడు. అంబాసిడర్ల మధ్యనే తల నెరిసినవాడు. బండి ఎందుకు అమ్ముతున్నారని ఆయన హిందీ, బెంగాలీ కలిపి అడిగాడు. పెద్దాయన కథంతా చెప్పాడు.

మిస్త్రీ బానెట్ ఎత్తనైనా ఎత్తలేదు. కొంతసేపు ఆలోచించి, "ఆగినప్పుడల్లా నీళ్ళు పోస్తారు కదా బాబూ. ఎప్పుడైనా నీళ్ళు పోయకుండా ఊరికే కూర్చొని చూశారా?" అని అడిగాడు.

"లేదు ఉస్తాద్."

"ట్యాంకు నిండుగా ఉన్న రోజున త్వరగా ఆగుతుందన్నారు. సగం ఉన్నప్పుడు?"

"చాలా దూరం పోతుంది."

"పెట్రోలు ట్యాంకు మూత ఎప్పుడు మార్చారు?"

పెద్దాయనకు అప్పుడు జ్ఞాపకం వచ్చింది. ఏడాది కిందట బండికి రంగు వేయించినప్పుడు పాత మూత పోయింది. రంగు వేసినవారు కొత్త మూత ఒకటి తెచ్చి పెట్టారు. చక్కగా బిగిసింది, మెరుస్తూ ఉన్నది కూడా.

మిస్త్రీ ఆ మూతను తీసిపారేయమనలేదు. ముందుగా పరీక్ష చేయాలన్నాడు. పెట్రోలు నింపించి, ఇద్దరూ పార్క్ సర్కస్ నుంచి తూర్పు బైపాసు రోడ్డు వైపు బయలుదేరారు. కొన్ని మైళ్ళు పోయాక బండి అలవాటుగా ఆగింది. రోడ్డు ప్రక్కకు నెట్టి, మిస్త్రీ పంపు మీద నీళ్ళు పోశాడు. వేచి ఉండకుండా వెంటనే స్టార్టరు తిప్పించాడు. ఇంజిన్ అంటుకోలేదు. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ ప్రయత్నం, ఫలితం శూన్యం. అప్పుడు వెనక్కు నడిచి ట్యాంకు మూతను తిప్పాడు. సోడా బుడ్డి విప్పినప్పటి వంటి చప్పుడు వినవచ్చింది. తేడా ఒక్కటే, సోడాలో గాలి బయటికి వస్తుంది, ఇక్కడ లోపలికి పోయింది. కొద్ది క్షణాలు స్టార్టరు తిప్పగానే ఇంజిన్ అంటుకున్నది.

విషయం ఇంత చిన్నది. నూనె డబ్బాకు ఒకే రంధ్రం పొడిచి వంచితే నూనె గుటకలు గుటకలుగా వచ్చి ఆగిపోతుందని ప్రతి గృహిణికీ తెలుసు. అందుకే రెండవ రంధ్రం పొడుస్తారు. ట్యాంకులోంచి పెట్రోలు పోయినకొద్దీ ఆ చోటులోకి గాలి రావాలి. కొన్ని కార్లలో ఇందుకోసం ట్యాంకుకు ప్రత్యేకంగా ఒక గొట్టం అమర్చి ఉంటుంది. వాటికి రంధ్రం లేని మూత ఉంటుంది. మరికొన్నింటిలో మూతకే సూక్ష్మమైన రంధ్రం ఉంటుంది. ఈ బండికి రంధ్రం ఉండవలసిన చోట రంధ్రం లేని మూత చేరింది. లోపల శూన్యం పెరిగి, పంపు లాగినా పెట్రోలు కదలడం మానేసింది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడే త్వరగా ఎందుకు ఆగింది? ట్యాంకులో 5 లీటర్ల ఖాళీ మాత్రమే ఉన్నదనుకుందాం. ఒక లీటరు పెట్రోలు ఖర్చయ్యేసరికి ఆ కొద్ది గాలి 6 లీటర్ల చోటులో పరచుకోవాలి. దాని పీడనం ఆరవ వంతు పడిపోతుంది. 25 లీటర్ల ఖాళీ ఉంటే, అదే లీటరుకు పీడనం ఇరవై ఆరవ వంతే తగ్గుతుంది. పెట్రోలు ఆవిరి వల్ల ఈ లెక్క కొంత మారవచ్చును గాని, తర్కం మారదు. కల్తీకి నిదర్శనమని ఇంటిల్లిపాదీ అనుకున్న సంగతే, నిజానికి మూత దోషానికి సాక్ష్యం.

మరి ఇరవై నిమిషాల తరువాత బండి ఎలా కదిలేది? మూత అంచుల నుంచి గాలి మెల్లమెల్లగా లోపలికి చేరేది. తడిగుడ్డ ఏమీ చేయలేదు. గడిచిన కాలమే పని చేసింది. చికిత్స ఫలించినంత మాత్రాన రోగనిర్ణయం సరైనదని చెప్పడానికి వీలులేదు. నీళ్ళనూ నిరీక్షణనూ ఎవరూ వేరుచేసి చూడలేదు కాబట్టి, ఏడాది పాటు నిర్దోషి అయిన ఒక పరికరాన్ని విప్పుతూ కడుగుతూ గడిపారు. ఆ వృద్ధ మిస్త్రీ చేసినదల్లా ఆ రెండింటినీ విడదీయడమే. ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞులు పాటించే పద్ధతి అదే. మిస్త్రీ దానికి పేరేమీ పెట్టలేదు.

మూత మార్చిన తరువాత మిగిలిన పని, వెనుకటి చికిత్సల వల్ల వచ్చిన జబ్బును తగ్గించడం. ఎస్.యు. కార్బురేటర్‌లో మిశ్రమాన్ని పరీక్షించడానికి తేలికైన ఉపాయం ఉన్నది. ఇంజిన్ బాగా వేడెక్కిన తరువాత, నిలకడగా తిరుగుతుండగా, పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు కంటే తక్కువగా పైకెత్తాలి. ఇంజిన్ వేగం పెరిగి అలాగే ఉంటే పెట్రోలు ఎక్కువైనట్లు. వేగం పడిపోయి ఆగబోతే తక్కువైనట్లు. ఒక్క క్షణం స్వల్పంగా పెరిగి మళ్ళీ యథాస్థితికి వస్తే పాళ్ళు కుదిరినట్లు. మిస్త్రీ చెవితో విని, మరను కొద్ది కొద్దిగా తిప్పుతూ ఆ మూడవ స్థితికి తెచ్చాడు. మర తిప్పడం అన్నిటికంటే చివరి పని అన్నాడు ఆయన. అందరూ అక్కడే మొదలుపెట్టారు.

సొంతంగా దోషం వెతకదలచిన వారు ఇదే వరుసను పాటించడం మేలు. బండి ఆగిన వెంటనే నిప్పురవ్వ వస్తున్నదో లేదో చూడాలి. అది బాగుంటే, ఫ్లోటు గిన్నెలో పెట్రోలు ఉన్నదో లేదో తెలుసుకోవాలి. గిన్నె నిండుగా ఉంటే దోషం జెట్‌లోనో సూదిలోనో వెతకవచ్చును. గిన్నె ఖాళీగా ఉంటే కార్బురేటర్‌ను వదలి, వెనక్కు, ట్యాంకు వైపు నడవాలి. గిన్నె పొంగి పెట్రోలు కారుతుంటే, ఫ్లోటుకు చిల్లి పడి అది మునిగి ఉండవచ్చును. చెవి దగ్గర పెట్టి ఊపితే లోపలి పెట్రోలు చప్పుడు చేస్తుంది. అయితే వేడి ఇంజిన్ మీద పెట్రోలు చుక్క పడడం ప్రమాదకరం. బండి చల్లారకుండా గిన్నె విప్పరాదు. పనిచేసేటప్పుడు నిప్పు, బీడీ, సిగరెట్టు దరిచేరనీయరాదు. పెట్రోలును నోటితో పీల్చే అలవాటు పూర్తిగా మానుకోవాలి.

నేటి కాలంలో మరో జాగ్రత్త అవసరమయింది. మన దేశంలో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు అమ్మకం 2023లో మొదలై, కొద్దికాలంలోనే దేశమంతటా వ్యాపించింది. ఇథనాల్ పూర్తిగా మండడానికి బరువులో సుమారు 9 పాళ్ళ గాలి చాలును. కనుక శుద్ధ పెట్రోలుకు అమర్చిన పాత జెట్‌తో మిశ్రమం కొంత పలచబడుతుంది. ఇథనాల్ తేమను ఆకర్షిస్తుంది. కలకత్తా వంటి నదీతీర నగరాలలో నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నీరు చేరవచ్చును. పాత రబ్బరు గొట్టాలను అది ఉబ్బించి, మెత్తబరచి, పగుళ్ళు తెస్తుంది. ఇథనాల్‌కు తట్టుకునే గొట్టాలు వేయించడం, బండిని తరచుగా నడపడం అలంకారం కాదు. అగ్నిప్రమాదం నుంచి రక్షణ.

2000 తరువాత ఉద్గార నిబంధనలు కఠినతరం కావడంతో కొత్త కార్లలో కార్బురేటర్ క్రమంగా కనుమరుగయింది. ఇప్పటి కారులో దోషం ఎక్కడున్నదో కంప్యూటరు సంకేతం ద్వారా సూచిస్తుంది. ఆ సూచన చదవడం నేర్చిన యువకులు ఎందరో ఉన్నారు. కాని మల్లిక్ బజార్‌లోని ఆ వృద్ధుని వద్ద పాత ఇంజిన్ చప్పుడు వినడం నేర్చుకోవడానికి కొత్తగా వచ్చే కుర్రవాళ్ళు లేరు. పాత అంబాసిడర్‌కు విడిభాగాలు ఇంకా కొన్నాళ్ళు దొరుకుతాయి. విప్పకముందే ప్రశ్న అడగగల మనిషి దొరకడమే కష్టం.

పెద్దాయన బండిని అమ్మలేదు. ఆ చలికాలం ముగియక ముందే దంపతులిద్దరూ అదే బండిలో, అదే సేతువు మీదుగా, ఖరగ్‌పూర్ వెళ్ళి వచ్చారు. రంధ్రం లేని పాత మూతను ఆయన పారవేయలేదు. ఎవరైనా తమ బండి ఆగిపోతున్నదని చెప్పి, కార్బురేటర్ బాగు చేయించాలని అంటే, ఆయన మారుమాట లేకుండా దానిని తెచ్చి వారి చేతిలో పెడతాడు.